తడి మంచం గుర్తు

నాకు సంతకం వరకే చదువు. నేను చెబుతుంటే మా వీధి టీచరమ్మ రాస్తోంది. నా మాటను పుస్తకం భాషలోకి తెస్తానంది. మనుషులు మాట్లాడినవి మాత్రం ఉన్నవున్నట్టు ఉంచమన్నాను. ఆసుపత్రుల్లో ఆయా పనికి కొత్తగా చేరే ఆడపిల్లల కోసం చెబుతున్నాను. పేర్లు చెప్పను. ఇందులో సిగ్గుపడాల్సినవాళ్లు ఉన్నారు. మొదటిదాన్ని నేనే.

మాది బంగారుపాళ్యం దగ్గర పల్లె. మా ఆయన మామిడి లారీలకు లోడెత్తేవాడు. ఆయన పోయాక తిరుపతికి వచ్చి ఒక పెద్దాసుపత్రిలో ఆయాగా చేరాను. ఎక్కువ కాలం ఆడవాళ్ల ఎముకల వార్డులోనే చేశాను. అక్కడ డాక్టర్లు ఎముకలు చూస్తారు, సిస్టర్లు మందులు చూస్తారు, మిగిలింది ఆయా చూస్తుంది. మిగిలింది అంటే ఏమిటో చేరిన మొదటి రోజే మీకు తెలిసిపోతుంది. తుంటి విరిగి పడుకున్న మనిషికి అన్నీ మంచం మీదే. ఆపరేషన్ అయ్యాక కొందరికి ఆపుకోవడం చేతకాదు. దగ్గితే పడిపోతుంది. బెడ్‌పాన్ తెమ్మని నోరు తెరిచేలోపే పడిపోతుంది.

వాసన నెల రోజుల్లో అలవాటయిపోతుంది, దానికి భయపడకండి. నాకు ఇంకొకటి అలవాటయింది. మనిషిని మంచం పేరుతో పిలవడం.

నాకంటే పదేళ్ల ముందు చేరిన ఆయా ఒకామె ఉండేది. పెద్దాయా అనేవాళ్లం. మంచి మనిషి, పనిలో పులి, నోట్లో ఎప్పుడూ వక్క. ఆమెకూ చదువు లేదు. ఏ మంచానికి రబ్బరు షీటు వేయాలో సిస్టర్లు కాగితం మీద రాసి గోడకు అంటించేవాళ్లు. అది మాకు గోడ మీద బల్లితో సమానం. అందుకని పెద్దాయా ఒక ఉపాయం పెట్టింది. కట్టు కట్టే గాజుగుడ్డలో ఒక పేలిక చించి, ఆపుకోలేని మనిషి మంచానికి కాళ్ల వైపు కమ్మీకి ముడి వేసేది. పేలిక కనిపిస్తే తడి మంచం. షీటు, రెండు దుప్పట్లు ఎక్కువ, పొద్దున్నే మొదట తుడవాల్సింది అదే. పుండ్లు కడిగే మందు ట్రేలో ఒలికేది కాబట్టి ఆ పేలికలు పసుప్పచ్చగా ఉండేవి. నాకు ఆ ఉపాయం చాలా నచ్చింది. మేమూ ఒక రాత కనిపెట్టాం అనుకునేదాన్ని.

నేను చెప్పదలచుకున్న అక్క మా వార్డుకు వచ్చింది వేసవి పోయి మొదటి వానలు పడుతున్నప్పుడు. డెబ్బైకి దగ్గర మనిషి. పూలు కట్టేది. దండలు కట్టే షెడ్డులో తడి గచ్చు మీద పూలబుట్టతో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. భర్త లేడు, పిల్లలు లేరు. తమ్ముడి భార్య మధ్యాహ్నం క్యారియర్ తెచ్చి పెట్టి, కాసేపు కూర్చుని వెళ్లిపోయేది. మిగతా పొద్దంతా ఆమెకు దిక్కు నేనే.

ఆపరేషన్ అయిన మూడో రోజు మూత్రం ట్యూబు తీసేశారు. ఆ సాయంత్రమే పక్క తడిసింది. నేను దుప్పటి మారుస్తుంటే ఆమె రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

"చెల్లీ, ఈ మాట మా షెడ్డుకు తెలిసిందంటే నా తావు పోతాది," అంది.

"ఏం తావక్కా?"

"నేను కూసునే తావు. గోడ పక్కన. నలభై ఏండ్లుగా ఆడే కూసోని కడతా ఉండా. మావి దేవుడికి పోయే దండలు. తలకు పోసుకోకుండా ఎవురూ గడప దాటరు. తుమ్మినా చెయ్యి కడుక్కోని నార పట్టల్ల. ఇట్టాంటి మనిషిని పూలు ముట్టనిస్తారా? అది పోతే నేను పొద్దన లేసి యాడికి పోవల్ల?"

"నేనెందుకు చెప్తానక్కా. నువ్వు గమ్మున పడుకో," అన్నాను.

అని, దుప్పటి సర్ది, జేబులోంచి పేలిక తీసి కమ్మీకి ముడి వేశాను. అప్పుడే అటు వచ్చిన పెద్దాయా, "ఇది గూడా తడేనా? ఈ వరసంతా చెరువే అయిపోయిందే," అంది. అక్క విన్నది. ఆ పేలిక ఏమిటో ఆమెకు అప్పుడే తెలిసిపోయింది.

మరి రెండు రోజులకు, చూసేవాళ్లు వచ్చే వేళలో, వాళ్ల మేస్త్రమ్మ వచ్చింది. పూలు కట్టే ఆడవాళ్లందరికీ ఆమె పెద్ద. యాభై దాటి ఉంటుంది. పెద్ద బొట్టు, గట్టి మాట, చేతిలో తులసిదండ. ఆమెను చూడగానే అక్క ముఖం విప్పారింది.

"నీ తావులో ఎవురినీ కూసోనీలేదక్కా. చాప చుట్టి పెట్టినా. బిన్నా లేసి రా," అంది మేస్త్రమ్మ.

"రాకుండా యాడికి పోతా! ఈ కాలు ఒకటి నిలబడనీ. ఆ కొత్త పిల్ల చామంతి ఎట్ట కడతా ఉండాది?"

"కడతాదా అది! దాని దండ మెడలో యేస్తే దేవుడే దిగి వచ్చి నీకోసం అడగతాడు."

ఇద్దరూ నవ్వుకున్నారు. మాట్లాడుతూ మేస్త్రమ్మ మంచం కాళ్ల వైపు వచ్చింది. కమ్మీకి కట్టిన పసుప్పచ్చ పేలిక కనిపించింది. మన తిరుపతిలో పసుపుగుడ్డ ముడి వేసి ఉంటే ఎవరైనా ఏమనుకుంటారు?

"కొండకు ముడుపు కట్టినావా అక్కా? మంచి పని చేసినావు," అని ఆ పేలికను రెండు చేతులతో పట్టుకుని, వంగి, కళ్లకద్దుకుంది.

అక్క నా వైపు చూసింది. నోరు మూసుకోవే అని ఆ చూపుకు అర్థం. ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నా కళ్లకు కనిపించింది వేరు. తుమ్మితే చెయ్యి కడుక్కునే మనిషి మా ఉచ్చగుర్తును కళ్లకద్దుకోవడం. నాకు నవ్వు ఆగలేదు.

"అయ్యో తల్లీ, ముడుపు కాదమ్మా అది! తడి మంచం గుర్తు. ఒంటికి ఆపుకోలేనోళ్లకు కడతాము!" అన్నాను.

మెల్లగా అనలేదు. మామిడి తోటలో ఈ చివర నుంచి ఆ చివర వాళ్లను కేకేసి పిలిచిన గొంతు నాది. వార్డంతా వినిపించింది. పక్క మంచాలవాళ్లు కూడా నవ్వారు.

మేస్త్రమ్మ మాత్రం నవ్వలేదు. పేలిక వదిలేసింది. ముఖం పాలిపోయింది. తులసిదండను దిండు పక్కన పెట్టబోయి, ఆగి, కిటికీలో పెట్టింది. "వస్తానక్కా," అని గబగబా వెళ్లిపోయింది. అక్క ముఖం గోడకు తిప్పుకుంది. నాకు తప్పు చేశానని తెలుసు. కానీ పెద్ద తప్పని అనుకోలేదు. అన్న మాట నిజమే కదా అనుకున్నాను. నిజం కాబట్టే కదా అంత లోతుగా దిగింది. ఆ తెలివి ఆ రోజు లేదు.

మర్నాటి నుంచి ఆమె పక్క తడవడం తగ్గిపోయింది. ఆ మర్నాడు పూర్తిగా పొడి. నేను పొంగిపోయాను. పెద్దాయా వక్క నములుతూ, "నీళ్లు తగ్గించుకున్నాది. తెలివైన మనిషి. అందురూ అట్ట చేస్తే మన నడుములు మిగుల్తాయి," అంది. మా వార్డులో ఇది పాతకాలం నుంచి ఉన్న నమ్మకం. నీళ్లు తగ్గిస్తే తడి తగ్గుతుంది. ఆమె నీళ్లు అడగలేదు, నేను ఇవ్వలేదు, అంతే అని తర్వాత చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. ఆమె సీసా నింపాలా అని కొత్త సిస్టరొకామె అడిగితే, "వద్దులేమ్మా, ఇప్పుడు బాగుండాది," అని అడ్డం పడింది నేనే. కాఫీ సగం తాగి పక్కన పెడితే "అంతే చాలక్కా" అని గ్లాసు తీసింది కూడా నేనే.

మూడో రోజు మధ్యాహ్నం వార్డు తుడుస్తూ ఆమె వైపు చూశాను. చేతులు గాల్లో ఆడుతున్నాయి. బొటనవేలు, రెండు వేళ్లు. ఒక పువ్వు పెట్టడం, చుట్టడం, లాగడం. పువ్వు లేదు, నార లేదు. పెదాలు ఎండి తెల్లగా పొక్కాయి. నుదురు ముట్టుకుంటే కాలుతోంది.

"నార తడపండే," అంటోంది. "ఎండిపోయినాది... తెగతా ఉండాది... ఎవురే ఆడ, చెంబులో నీళ్లు పొయ్యండే..."

అరటినార తడిగా ఉంటేనే ముడి పడుతుందట. ఎండితే పుటుక్కున తెగుతుందట.

"అక్కా, నేను. ఆయాను," అన్నాను.

నా వైపు చూసి, "నువ్వు తలకు పోసుకున్నావా?" అని అడిగింది.

పరుగెత్తి సిస్టరమ్మను పిలిచాను. ఆమె చిత్తూరు మనిషి, కోపం వస్తే గొంతు ఇంకా తగ్గించే రకం. డాక్టరు వచ్చాడు, సెలైన్ పెట్టారు, ట్యూబు పెట్టి పరీక్షకు మూత్రం తీసి, వెంటనే ట్యూబు లాగేశారు. టీ డికాషన్ రంగులో రెండు చెంచాలు వచ్చింది. ఒంట్లో నీళ్లు లేక మూత్రానికి చీము పట్టిందని, అందుకే జ్వరం, అందుకే ఈ మాటలు అని చెప్పారు. డాక్టరు వెళ్లాక సిస్టరమ్మ నన్ను మందుల గదిలోకి పిలిచి తలుపు మూసింది.

"ఈమెకు నీళ్లు ఎవురు నిలిపింది?"

"ఆమే నిలుపుకున్నాదమ్మా."

"ఏందికి?"

పేలిక మాట, ముడుపు మాట, నా నవ్వు, అన్నీ చెప్పాను. చెబుతుంటే నా చెవులకే వికారంగా ఉంది. సిస్టరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. తర్వాత, "నీళ్లు తగ్గిస్తే తడి ఆగదు. చిక్కబడి ఇంకా మంట పెడతాది, ఇంకా నిలవదు. ఇన్నేండ్లు నీకు ఎవురూ చెప్పలేదా?" అంది.

"లేదమ్మా."

"నాదీ తప్పే. గోడకు కాగితాలు అంటిస్తా ఉండా, చదవతారా లేదా అని సూడలేదు."

ఆ ఒక్క మాటకు నేను ఏడ్చాను. తిట్టి ఉంటే ఏడ్చేదాన్ని కాదు.

మళ్లీ వార్డులోకి వచ్చి మొదట పేలికలన్నీ విప్పాను. పెద్దాయా చూసి, "రేపు పొద్దన ఏది ఏదో ఎట్ట తెలస్తాది?" అని అరిచింది. "అడిగి తెలుసుకుందాములే," అన్నాను. "ఓహో, కలెక్టరమ్మ వచ్చినాది," అని మూతి తిప్పుకుంది.

ఆ సాయంత్రమంతా అక్క పక్కనే కూర్చున్నాను. చెంచాతో నీళ్లు పెడితే పెదాలు బిగించేది. "నార తడిపినానక్కా, ఇదో సూడు, చెంబు నిండా నీళ్లు. నువ్వు ఒక గుక్క తాగి మొదలుపెట్టు," అన్నాను. ఆమె చేతులు ఆగాయి. నోరు తెరిచింది. ఒక చెంచా, ఇంకో చెంచా. పక్క తడిసింది. మార్చాను. మళ్లీ తాగించాను.

రెండు రోజులకు జ్వరం తగ్గి మనిషి మామూలయింది. మొదట అన్న మాట నాకే.

"నీ నోరు కుట్టుకోవల్ల మే."

"కుట్టుకుంటానక్కా. సూది నువ్వే పట్టు," అన్నాను.

నవ్వలేదు. "మేస్త్రమ్మ మళ్లీ వచ్చిందా?" అని అడిగింది.

రాలేదు. వచ్చిందని అబద్ధం చెబుదామనిపించింది. చెప్పలేదు. ఆమె కళ్లు మూసుకుని, "ఇంగ రాదులే," అంది.

డాక్టరు ట్యూబు వేసి, సంచితో ఇంటికి పంపుదామన్నాడు. ఆ మాట విని అక్క మంచం అంచు పట్టుకుంది. నడుముకు సంచి కట్టుకుని ఆ షెడ్డు గడప ఎలా దాటుతుంది? సిస్టరమ్మ ఆయనతో ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడి నాలుగు రోజులు గడువు తెచ్చింది. నాతో మాత్రం తెలుగులోనే చెప్పింది. రెండు గంటలకు ఒకసారి నువ్వే పోయి లేపు, ఆమె అడిగే దాకా ఉండొద్దు. వాకర్ పట్టించి కమోడు కుర్చీ మీద కూర్చోబెట్టు. ఎప్పుడు పొడి, ఎప్పుడు తడి, రాసి పెట్టు.

"నాకు రాత రాదు కదమ్మా."

"ముగ్గు వస్తాదా?"

ముగ్గు రానిదెవరికి! కాగితం మీద రెండు గంటలకు ఒక చుక్క చొప్పున వరస పెట్టాను. కుర్చీ మీద పోతే చుక్క చుట్టూ సున్నా. పక్క మీద పడితే చుక్క కింద గీత. రోజుకు ఒక వరస. వార్డులో తెరలు లేవు. ఇంటి నుంచి నా పాత చీరలు రెండు తెచ్చి, తాడు కట్టి వేలాడదీశాను. వేళ కాగానే ఏమీ అనకుండా ఆమె పక్కకు పోయి చీర లాగేదాన్ని. నా జీవితంలో అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేను. "నీకు ఒంట్లో బాగలేదా మే?" అని పెద్దాయా రోజూ అడిగేది. మూడో రోజుకు తానే ఇంకో చీర తెచ్చి ఎదురు వరసకు కట్టింది.

మూడో రోజు రాత్రి సిస్టరమ్మ నా కాగితం చూసి, "ఇదేంది, పెండ్లింటి ముగ్గు మాదిరి ఉండాది," అని నవ్వింది. ఆ వెంటనే నవ్వు ఆపి వేలు పెట్టింది. "గీతలన్నీ ఈడే ఉండాయే."

నిజమే. పొద్దంతా సున్నాలు. గీతలు మాత్రం మూడు రోజులూ సాయంత్రం ఏడు తర్వాత ఒకే చోట, ఒకదాని కింద ఒకటి. సిస్టరమ్మ కేస్ షీటు తిప్పింది. కాళ్ల వాపుకు వాడే నీళ్ల మాత్ర ఉంది. మూత్రం ఎక్కువ వచ్చే మాత్ర. అక్క ఇంట్లో దాన్ని సాయంత్రం వేసుకునేది. పొద్దున వేసుకుంటే షెడ్డులో మాటిమాటికీ లేవాల్సి వస్తుందని ఆమే అలా పెట్టుకుంది. ఆసుపత్రిలోనూ అదే వేళకు ఇస్తున్నాం. డాక్టరు దాన్ని పొద్దుటికి మార్చాడు. మాత్ర వేసిన గంటకు, మళ్లీ ఇంకో గంటకు నేను చీర లాగాను. నాలుగో రోజు వరసలో గీత ఒక్కటే. అదీ నేను ఎదురు మంచంతో మాటల్లో పడి ఆలస్యం చేసినప్పటిది. ట్యూబు మాట పోయింది.

ఇంటికి పంపే రోజు అక్క తలకు పోసుకుని, జుట్టు ముడేసుకుని, వాకర్ ముందు పెట్టుకుని మంచం మీద కూర్చుంది. ముఖంలో సంతోషం లేదు. కాలు నడుస్తోంది, జ్వరం లేదు, పక్క పొడి. కానీ పోవాల్సిన చోటే లేదనుకుంటోంది. దాన్ని పోగొట్టినదాన్ని నేను ఎదురుగా నిలబడి ఆమె చీరలు మడతపెడుతున్నాను.

అప్పుడు మేస్త్రమ్మ వచ్చింది. తలుపు దగ్గరే నిలబడింది. అక్క తలెత్తలేదు.

"నా చాప ఎవురికి ఇచ్చినావు?" అని అడిగింది.

"ఎవురికీ ఇయ్యలేదు."

"ఇయ్యి. నాకు చెడ్డమాట వచ్చేసినాది. నీకేందికి మాట."

మేస్త్రమ్మ లోపలికి వచ్చి మంచం మీద కూర్చుంది. నా వైపు చూసింది. నేను పోబోతే, "నువ్వుండు ఆయమ్మా. నీతోనే పని ఉండాది," అంది. గొంతు బాగా తగ్గించింది. "మన షెడ్డులో పొద్దన నుంచి మధ్యాహ్నం దాకా ఒక గుక్క నీళ్లు తాగే ఆడది ఉండాదా అక్కా? ఒక్కతి ఉంటే సూపించు."

అక్క తలెత్తింది.

"లేస్తే నేను కసరతానని ఎవురూ లెయ్యరు. నేను లేస్తే నన్ను కసిరేవాళ్లు లేరు, అయినా లెయ్యను. ముగ్గురు బిడ్డల్ని కన్నా. దగ్గినా పడతాది, బుట్ట ఎత్తినా పడతాది. ఎనిమిదేండ్లుగా లోపల గుడ్డ పెట్టుకోని కూసుంటా ఉండా. ఆ పొద్దు ఈయమ్మ ఆ మాట అంటానే, నన్నే చూసి అన్నదనుకున్నా. పారిపోయినా."

"ఎనిమిదేండ్లా?" అంది అక్క. "పక్కనే కూసున్నా గదే. నాకు చెప్పలేదే!"

"నువ్వు మాత్రం చెప్పినావా? సాయంత్రం మాత్ర యేసుకుంటా ఉండావని నీ మరదలు చెప్పేదాకా నాకు తెలుసునా?"

"తుమ్మితే చెయ్యి కడిగించినావే నా చేత!"

"నేను తుమ్మితే ఏం కడుక్కోవల్లో నీకేం తెలుసు!"

అక్కకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వింది. ఆ వార్డుకు వచ్చాక మొదటిసారి పొట్ట పట్టుకుని నవ్వింది. మేస్త్రమ్మ కూడా నవ్వు మొదలుపెట్టి, సగంలో ఆపి, రెండు మోకాళ్లూ దగ్గరికి బిగించి, "నవ్వించొద్దు మే, నీకు పుణ్యముంటాది!" అని అక్క చెయ్యి గట్టిగా పట్టుకుంది.

వరండా చివర ఎడమ పక్క బాత్రూం తలుపు వైపు చెయ్యి చూపించాను. ఆమె లేచి, చిన్న చిన్న అడుగులతో అటు వెళ్లింది.

మెట్ల దగ్గర నుంచి తమ్ముడి భార్య, "ఆటో వచ్చినాది వదినా, బిన్నా రా," అని కేకేసింది. అక్క వాకర్ పట్టుకుని లేచింది. మేస్త్రమ్మ మంచం మీద వదిలిన చేతిసంచిని వాకర్‌కు తగిలించుకుంది. మెల్లగా నడుచుకుంటూ వెళ్లి ఆ తలుపు ముందు అడ్డంగా నిలబడింది.

"ఆటోవాడిని ఉండమను," అంది. "మా మేస్త్రమ్మ లోపల ఉండాది."